తీరాన ఫోటోకు ఏ దీపం?
నెల్లూరు జిల్లా మైపాడు తీరాన సూర్యుడు సముద్రం వైపునుండి ఉదయిస్తాడు. అలలు వెనుక ఉండేటట్లు మనిషిని నిలబెడితే పొద్దుటి వెలుతురు వీపున పడి, ముఖం నల్లబడుతుంది. దీనికి చిన్న బ్యాటరీ ఫ్లాష్ చాలునా? దాని గైడ్ సంఖ్యను లెన్సు రంధ్రపు సంఖ్యతో భాగిస్తే ఫ్లాష్ ఎంత దూరాన ఉండాలో తెలుస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద ఆ సంఖ్య 33 మీటర్లు, రంధ్రం ఎఫ్/11 అయితే దూరం 3 మీటర్లు. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతే.

తెల్ల గొడుగు తగిలిస్తే నీడలు మెత్తబడతాయి గాని, వెలుతురు సగమో, అంతకు మించో పోతుంది. పైగా కడలిగాలికి గొడుగూ స్టాండూ కలిసి కూలుతాయి. స్టాండుకు ఇసుక సంచి కట్టక తప్పదు. చవక ఎల్.ఇ.డి. పలకలు ఎండలో దాదాపు నిరుపయోగం. డబ్బు చాలనివారికి తెల్లని థర్మోకోలు అట్టే మేలు. అది సూర్యుని వెలుతురునే ముఖం మీదికి మళ్ళిస్తుంది. అయితే గాలికి విరగకుండా పట్టుకొనేందుకు ఒక మనిషి కావాలి.