కొర్రమీనుకు కప్ప, ట్రౌట్‌కు ఈక

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చేపల బజారుకు వెళ్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొచ్చె, శీలావతి ఐసు మీద పడుకుని ఉంటాయి. కొర్రమీను మాత్రం బేసిన్లో బతికే ఉంటుంది. ఆ బేసిన్లో ఉండేవి నాలుగు వేళ్ల లోతు నీళ్లు. అవీ మురికి పట్టిన నీళ్లే. వాటిలో అరడజను చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అయినా పొద్దున తెచ్చిన చేప మధ్యాహ్నానికి కూడా ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. అమ్మేవాళ్లు “బతికిన చేపండీ” అంటూ ధర ఎక్కువే చెబుతారు, కొనేవాళ్లు గొణుక్కుంటూనే ఇస్తారు.

కాసేపు ఆ బేసిన్ పక్కన నిలబడి చూడండి. ఒక చేప మూతి పైకెత్తుతుంది. నీటి మీద చిన్న బుడగ పగులుతుంది. చేప చటుక్కున నోరు తెరిచి మూసి అడుక్కి జారుకుంటుంది. కొన్ని నిమిషాలకు ఇంకోటి అదే పని చేస్తుంది. గాలి పీల్చుకోవడానికి పడే పాటు అది. కొల్లేరు సరస్సు లంకల్లో గేలం వేసేవాడి నేర్పంతా ఆ బుడగ చుట్టూనే తిరుగుతుంది. అలాస్కాలో, నార్వేలో, స్కాట్లండులో చన్నీటి నదుల్లో నిలబడి ట్రౌట్ కోసం, సాల్మన్ కోసం ఈకలు చుట్టిన గేలం విసిరేవాళ్లను నడిపేది కూడా ఊపిరి లెక్కే. నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందన్నది తెలిస్తే, ఎరగా ఏది పనికొస్తుందో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

లీటరు నీటిలో ఎంత?

30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే వేడిలో లీటరు మంచినీరు ఎంత పట్టుకున్నా ఏడున్నర మిల్లీగ్రాములకు మించి కరిగించుకోలేదు. అంటే గాలిలో ఉన్నదాంట్లో సుమారు ముప్పై ఆరో వంతే నీటిలో ఉంటుంది. నీరు చల్లబడితే కాస్త నయం. 10 డిగ్రీల దగ్గర లీటరుకు పదకొండు మిల్లీగ్రాములు దాటుతుంది. మంచు కరిగి రాళ్ల మీద నురగలు కక్కుతూ దూకే నదికి ఆ పదకొండూ దాదాపు పూర్తిగా అందుతాయి. ట్రౌట్ మొప్పలు ఆ సంపదకు అలవాటు పడినవి. నీరు 25 డిగ్రీలకు చేరితే వాటి ప్రాణం మీదికి వస్తుంది. నీలగిరి కొండల మీద ఊటీ దగ్గర తెల్లదొరలు ట్రౌట్‌ను తెచ్చి పెంచగలిగారంటే ఆ ఎత్తులో ఉండే చలి పుణ్యమే. కొల్లేరులో వేస్తే ఒక్క వేసవి కూడా గడవదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చిపోస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. లోతు తక్కువ, ఎండ ఎక్కువ. గుర్రపుడెక్క కమ్మిన చోట వెలుతురు లోపలికి దిగదు, గాలి నీటిని తాకదు. అడుగున కుళ్లే ఆకు అలం ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది.

ఈ సంగతి చేపల చెరువుల రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పగలంతా నీటిలోని నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్‌ను పీలుస్తుంది. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే ఇక చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. రైతు ఇంజన్ వేసి నీటిని చిమ్మిస్తూ పరుగులు పెడతాడు. ఆ చెరువులోనే దొంగతనంగా చేరిన కొర్రమీనుకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. వేసవిలో ఏలూరు కాలువ కట్టేశాక గుంటల్లో మిగిలిపోయిన చేపల్లో ఆఖరి దాకా బతికి ఉండేది కూడా అదే.

కారణం దాని తలలో ఉంది. మొప్పలకు పైన, పుర్రెకు రెండు పక్కలా దానికి రెండు గాలి గదులున్నాయి. వాటి లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలు. మింగిన గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలోకి వెళ్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా మొప్పల ద్వారా, చర్మం ద్వారా నీటిలోకి పోతుంది. ఎదిగిన కొర్రమీనుకు మొప్పలు మాత్రమే చాలవు. నీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నా సరే, పైకి రానివ్వకుండా ఆపితే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలోనే పుట్టి పెరిగిన చేప నీళ్లలో మునిగి చావడమంటే ఇదే. మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చే చేపలే. అందుకే అవి కూడా బజారులో ప్రాణాలతోనే కనిపిస్తాయి.

ఈక ఎందుకు?

ఆక్సిజన్ దండిగా ఉన్న చన్నీటి నదుల్లో రాళ్ల కింద రకరకాల పురుగుల పిల్లలు పెరుగుతాయి. వాటిలో మేఫ్లై పేరున్నది. పిల్లదశ అంతా నీటి అడుగున గడిపి, ఒక సాయంత్రం గుంపులు గుంపులుగా పైకి వచ్చి రెక్కలు విప్పుతుంది. రెక్కలొచ్చాక దానికి పనిచేసే నోరు కూడా ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. ట్రౌట్ తన చోటు కదలకుండా నిలబడి, ప్రవాహం మోసుకొచ్చే ఆ పురుగులను ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. కొల్లేటి అడుగున ఉండే పురుగులు వేరు. ఊపిరాడని బురదలో బతకడానికి మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటిదే ఒంట్లో నింపుకున్న ఎర్రటి పురుగులక్కడ దొరుకుతాయి. దోమను పోలిన, కుట్టని ఈగల పిల్లలవి.

ట్రౌట్ తినే పురుగును గేలానికి గుచ్చాలంటే కుదరదు. చెయ్యి తగిలితే నలిగిపోతుంది. సుమారు 1,800 ఏళ్ల కిందట రోమన్ రచయిత ఈలియన్ ఈ ఇబ్బందినే రాశాడు. మాసిడోనియాలో ఒక నది ఒడ్డున ఉండేవాళ్లు నిజమైన ఈగను ముట్టుకోకుండా, గేలానికి ఎర్ర ఉన్ని చుట్టి, దానికి కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలను మోసం చేసేవారట. ఇప్పటికీ జరుగుతున్నది అదే. ఉన్ని, ఈక, పట్టుదారం, గోరంత కొక్కెం. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ఈకల పురుగుకు బరువే ఉండదు కాబట్టి దాన్ని దూరం విసరడం ఎలా అన్నది తర్వాతి చిక్కు. మామూలు గేలంలో సీసం గుండు ముందు వెళ్తూ దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ తాడుకే బరువు పెట్టి, ఆ తాడును విసురుతారు. ట్రౌట్‌కు ఎక్కువగా వాడే అయిదో నంబరు తాడు ముందు భాగం తొమ్మిది మీటర్లకు సుమారు తొమ్మిది గ్రాములు తూగుతుంది. సన్నని గెడను ముందుకు ఊపి టక్కున ఆపగానే తాడు గాలిలో ఒక మెలికగా తిరుగుతుంది. మెలిక ముందుకు వెళ్లేకొద్దీ ఇంకా కదులుతున్న తాడు పొడవు తగ్గుతూ వస్తుంది. ఉన్న శక్తి తక్కువ బరువులోకి చేరుతుంది కాబట్టి కొస వేగం నిలుస్తుంది. ఎడ్లబండివాడి చర్నాకోల కొస ఛెళ్లుమనడం వెనక ఉన్నది కూడా ఈ సూత్రమే. చివర్లో గాలి అడ్డుపడి వేగాన్ని మింగేస్తుంది. పురుగు నీటి మీద మెత్తగా వాలుతుంది.

కప్ప ఎందుకు?

కొల్లేటిలో ఇంత నాజూకు అక్కర్లేదు. తామరాకులు, తూడు, కిక్కిస పొదలు, గుర్రపుడెక్క. వాటి మధ్య అక్కడక్కడా పళ్లెమంత నీటి చెలమ. కొర్రమీను ఆ సందు కిందే పొంచి ఉంటుంది. ఊపిరికి ఎలాగూ పైకి రావాలి. తిండి కూడా అక్కడే దొరుకుతుంది. చిన్న చేపలు, పురుగులు, కప్పలు. గేలగాడు ముందుగా వెతికేది బుడగనే. అది కనిపించిన చోటే వెయ్యడు. చేప బెదురుతుంది. కప్ప ఎరను కాస్త అవతలికి వేసి, ఆకుల మీదుగా గెంతిస్తూ చెలమలోకి దింపుతాడు. నీళ్లు భళ్లుమంటాయి. వెంటనే లాగితే ఎర ఒక్కటే చేతికొస్తుంది. చేప నోరు మూసుకుని కిందికి తిరిగేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టి, అప్పుడు ఎత్తాలి.

బురదనీటిలో చేప ఆ కప్పను ఎలా కనిపెట్టింది? చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతలో సన్నని రంధ్రాలు, లోపల జిగురు టోపీలు తొడుక్కున్న సూక్ష్మ రోమాల కణాలు. నీరు కాస్త కదిలితే టోపీ వంగుతుంది, రోమాలు వంగుతాయి, నరం మెదడుకు కబురు పంపుతుంది. మన చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాలు కూడా ఇదే జాతివి. కప్ప ఒక తన్ను తన్నితే పుట్టే అల ఏ దిక్కునుంచి వచ్చిందో ఆ గీత చెప్పేస్తుంది. అందుకే కొల్లేటి ఎరకు రంగు కన్నా కదలిక ముఖ్యం.

నీళ్లు తేటగా ఉండే ట్రౌట్ నదిలో కన్ను ముందుంటుంది. నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి వంగే తీరు వల్ల ఆ కిటికీ కోణం ఎప్పుడూ సుమారు 97 డిగ్రీలే. మీటరు లోతున ఉన్న చేపకు దాని వెడల్పు రెండుంబావు మీటర్లు. కిటికీ అవతల నీటి పైపొర అద్దంలా నది అడుగునే చూపిస్తుంది. తేలి వచ్చే పురుగు కిటికీలోకి రాకముందు చేపకు కనిపించేది దాని కాళ్లు నొక్కిన చోట మెరిసే చుక్కలు మాత్రమే. ఈకలు కట్టేవాళ్లు రెక్కల కన్నా కాళ్ల మీద అంత శ్రద్ధ ఎందుకు పెడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కూడా కిటికీ అంచులో కనిపిస్తాడు. వంగి నడిస్తే అంచు కిందికి జారిపోతాడు.

ఇప్పుడు బతికున్న కప్ప బదులు రబ్బరు కప్ప వచ్చింది. బోలు పొట్ట, పైకి తిరిగిన జంట కొక్కేలు, వెనక రెండు రబ్బరు కాళ్లు. చేప నోరు నొక్కితే పొట్ట అణిగి కొక్కేలు బయటపడతాయి. అందాకా ఆకులకు చిక్కుకోవు. ఇది మంచి మార్పే. మన పొలాల్లో పురుగులను తినే బోదురుకప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. ట్రౌట్ నదుల్లో ఈకలు చేసే పని ఇక్కడ రబ్బరు చేస్తోంది.

ఆకలి లేని కాటు

సాల్మన్ దగ్గరికి వచ్చేసరికి తిండి లెక్క తప్పుతుంది. సముద్రంలో మేసి బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి తిరిగొచ్చే సాల్మన్ నదిలో అడుగుపెట్టాక మేత మానేస్తుంది. అయినా ఈకల గేలాన్ని కరుస్తుంది. చిన్నప్పటి వేట అలవాటనీ, తన చోటికి వచ్చినదాన్ని తరిమే కోపమనీ శాస్త్రజ్ఞులు రకరకాలుగా చెబుతారు.

మన పులస కూడా సముద్రం నుంచి వరద గోదారికి ఎదురీదే చేపే. పుస్తెలమ్మి అయినా తినాలన్న పేరున్న ఆ చేపను గేలంతో పట్టేవాడు కనిపించడు. దాని మొప్పల దగ్గరున్న సన్నని దువ్వెనలు నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుంటాయి. వడగట్టి తినేదానికి కొక్కెంతో ఏం పని? అందుకే పులసకు వలే గతి.

కొర్రమీనుకు మాత్రం ఆకలి లేని కాటు ఉంది. తొలకరి వానలకు జత చేపలు గడ్డి తప్పించి గుండ్రటి గూడు చేసుకుంటాయి. నూనెబొట్టున్న గుడ్లు నీటిపై తేలుతాయి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎర్రటి గుంపుగా కదులుతూ మాటిమాటికీ పైకి వస్తాయి. తల్లిదండ్రులు కిందే కావలి కాస్తాయి. ఆ గుంపు మీదికి ఏది వచ్చినా, కప్ప అయినా రబ్బరు అయినా, మీదపడి కొడతాయి. ఇంతకన్నా సులువుగా దొరికే చేప ఉండదు. ఆ కావలి చేపను లాగేస్తే పిల్లల గుంపు కొంగలకూ పక్క చేపలకూ ఆహారమైపోతుంది.

ఇక్కడే రెండు ప్రాంతాల న్యాయం వేరవుతుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ట్రౌట్ నది నీరు వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను, అంటే సుమారు 23 సెల్సియస్‌ను తాకితే మధ్యాహ్నం రెండు గంటల నుంచి అర్ధరాత్రి దాకా గేలం వెయ్యనివ్వరు. వేడి నీటిలో పెనుగులాడిన ట్రౌట్‌ను పట్టి వదిలేసినా బతకకపోవచ్చు కాబట్టి. కొర్రమీనుకు ఆ భయం లేదు. గాలి పీల్చే చేప, గేలం ఊడదీసి వదిలితే నిక్షేపంగా వెళ్తుంది. దాని గండం ఎండలో లేదు, తొలకరిలో ఉంది. వేడిని బట్టి వాళ్లు వేళ కట్టడి చేసుకున్నట్టే, పిల్లల కాలాన్ని బట్టి మనం కట్టడి చేసుకోవాలి.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రాంసర్ అంతర్జాతీయ జాబితాలో ఉన్న చిత్తడినేల. అభయారణ్యం హద్దుల్లో గేలం వెయ్యాలంటే ముందు అటవీ అధికారులను అడగాలి. హద్దు బయట కాలువల్లో, చెరువుల్లో వేసేవాళ్లకు చట్టం కన్నా ముందు కన్ను పనిచెయ్యాలి. ఒంటరి బుడగ కనిపిస్తే కప్పను గెంతించండి. నీటిపై ఎర్రపిల్లల గుంపు కనిపిస్తే గేలం చుట్టేసి ఇంకో చెలమ వెతుక్కోండి. వచ్చే ఏడు పట్టే కొర్రమీను ఆ గుంపులోనే ఉంది.