తీరం దాటింది కళింగపట్నంలో, మునిగింది విజయవాడ

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక ఓ వాయుగుండం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తుపాను స్థాయికి చేరలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు. మ్యాపు మీద గీత గీసి కొలిస్తే అక్కడి నుంచి విజయవాడ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. టీవీలో చుక్క ఉత్తరాంధ్ర కొసన ఎక్కడో మెరుస్తోంది. దానికి ముందే, 31 పొద్దున, ఇక్కడ విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాటికి బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ జనం మేడలెక్కి కూర్చున్నారు.

తుపాను అనగానే మన నోట్లోంచి ముందు వచ్చే మాట ‘ఎక్కడ తీరం దాటుతుందట?’ అని. తీరం దగ్గర నాగాయలంకలోనో కృత్తివెన్నులోనో ఉన్నవాళ్లకు అది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. విజయవాడ ఆటోనగర్‌లో రిపేరు షెడ్డు పెట్టుకున్నవాళ్లకు మాత్రం దానితో సగం పనే అవుతుంది. మిగతా సగం ఏమిటంటే, నా దగ్గరికి వచ్చేది గాలా, వానా, ఏరా? ఎటునుంచి వస్తుంది, ఎప్పుడు వస్తుంది?

ఆగస్టు 31న జరిగిన దానిలో వింతేమీ లేదు. వానాకాలంలో పుట్టే వాయుగుండానికి కేంద్రం దగ్గర కన్నా, దానికి నైరుతి దిక్కున ఎక్కువ వాన పడుతుంది. మన అర్ధగోళంలో వాయుగుండం చుట్టూ గాలి ఎడమ చేతి వైపుగా తిరుగుతుంది. నైరుతి మూలలో ఆ గాలి, తేమ మోసుకొచ్చే రుతుపవనాల గాలి కలిసి మేఘాన్ని పైకి నెడతాయి. కళింగపట్నానికి నైరుతి దిక్కున ఏముందో మ్యాపు చూడండి. కృష్ణా, గుంటూరు, ఖమ్మం. వాయుగుండం నింపాదిగా నడిచిందంటే అదే మేఘాల వరస అదే ఊరి మీద గంటల తరబడి నిలబడుతుంది. విజయవాడలో ఒక్క రోజులో పాతిక సెంటీమీటర్లు దాటి కురిసింది అలాగే. వాతావరణ శాఖ లెక్కలో 20.4 సెంటీమీటర్లు దాటితే ‘అత్యంత భారీ’.

2025 అక్టోబరులో వచ్చిన ‘మొంథా’ తుపాను కూడా ఇదే పాఠం చెప్పింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. కోస్తా అంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. మర్నాడు నీట మునిగింది సముద్రమే ఎరగని హనుమకొండ, వరంగల్.

టీవీల్లో, ఫోన్లలో చూపించే గరాటు ఆకారం బొమ్మ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. తుపాను ఇప్పుడున్న చోట సన్నగా మొదలై, పోనుపోను వెడల్పవుతుంది. ఆ వెడల్పు లోపల వాన, బయట ఎండ అని చాలామంది అనుకుంటారు. అది వాన మ్యాపు కాదు. తుపాను కేంద్రం ఏ దారిన పోవచ్చో చెప్పే అంచనా, అందులో ఉండే తప్పు ఎంతో చూపించే బొమ్మ. మన వాతావరణ శాఖ ఇరవై నాలుగు గంటల ముందు చెప్పే దారిలో తేడా ఈ మధ్య సగటున 70, 80 కిలోమీటర్లకు దిగింది. రెండు దశాబ్దాల కిందట దాదాపు రెట్టింపు ఉండేది. మెరుగైన మాట నిజమే గానీ, 70 కిలోమీటర్లంటే ఇక్కడి నుంచి బందరు అంత దూరం. గరాటు అంచుకు అవతల ఉన్నామని నిశ్చింతగా పడుకోవడానికి లేదు.

సముద్రం పక్కన లెక్క వేరు. 1977 నవంబరు 19న తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. ఎక్కువ చావులు మాత్రం దానికి కుడి పక్కన ఉన్న దివిసీమలో. తుపాను వచ్చే దారిలో నిలబడి నేల వైపు మొహం పెట్టి చూస్తే, కుడి పక్కన గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమ పక్కన నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. కుడి పక్క గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది. అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి కిందికి జారే దారి దొరకక పైకి లేస్తుంది. అదే ఉప్పెన. ఆనాడు అయిదు మీటర్ల ఎత్తున లేచి, కిలోమీటర్ల కొద్దీ పల్లపు నేల మీదికి నడిచి వచ్చింది. పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటినది బలంలో దానికి తీసిపోయేది కాదు. అప్పుడు చనిపోయింది వెయ్యి లోపు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు. పదమూడేళ్లలో సముద్రం మారలేదు, కబురు అందే వేగం మారింది.

ఈ కుడి ఎడమల సంగతి రేవుల్లో ఎగరేసే నంబర్లలోనే దాగుంది. ‘మచిలీపట్నంలో 5వ నంబరు ప్రమాద సూచిక’ అని స్క్రోలింగ్ వస్తే మనం అయిదుకి భయపడి, ఏడు అంటే ఇంకా భయపడతాం. అన్ని నంబర్లూ తీవ్రతకు గుర్తులు కావు. ఒకటి, రెండు దూరంగా ఉన్న ముప్పుని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే ఈదురుగాలులు తగలొచ్చని చెబుతాయి. అయిదు, ఆరు, ఏడు మూడింటికీ ప్రమాదం స్థాయి ఒకటే, తేడా అంతా దారిలో. రేవు తుపాను దారికి ఎడమన పడేలా ఉంటే 5, కుడిన పడేలా ఉంటే 6, రేవు మీదుగానే వస్తుంటే 7. తుపాను తీవ్రమైనదైతే అదే వరసలో 8, 9, 10. అంటే ఉప్పెన దృష్టితో చూస్తే 6, 9 నంబర్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. ఈ ముక్క టీవీలో చెప్పగా నేనెప్పుడూ వినలేదు. అన్నిటికన్నా గుండె జారే నంబరు 11. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని స్థానిక అధికారే అనుకుంటున్నాడు అని దాని అర్థం.

మరి ఈ కబుర్లన్నీ ఎక్కడి నుంచి? నడిసముద్రంలో తుపానుని కనిపెట్టేది ఇన్శాట్-3డీఆర్, 3డీఎస్ లాంటి ఉపగ్రహాలు. మేఘాల చుట్ట ఎంత బిగిసింది, నడిమి కన్ను ఎంత తేటగా ఉంది అని బొమ్మలు చూసి గాలి వేగాన్ని అంచనా కడతారు. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను. అప్పుడే పేరు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను.

ఒడ్డుకు దగ్గరయ్యాక పని రాడార్‌ది. మనకి దగ్గరలో ఉన్నది మచిలీపట్నం డాప్లర్ రాడార్. అది పది సెంటీమీటర్ల తరంగాలను పంపుతుంది, వాన చినుకులకు తగిలి అవి తిరిగొస్తాయి. ఎంత బలంగా తిరిగొస్తే అంత వాన. ఎయిర్ హారన్ కొడుతూ లారీ మనవైపు వచ్చేటప్పుడు మోత సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది కదా. చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నది తిరిగొచ్చిన తరంగంలోని అలాంటి తేడా పట్టి చెబుతారు. అలా గాలి వేగం కూడా తెలుస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. భూమి గుండ్రం కాబట్టి రాడార్ కిరణం పోనుపోను నేలకు పైకి లేచిపోతుంది. 250 కిలోమీటర్ల దూరంలో అది చూసేది అయిదారు కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘాన్ని. విజయవాడ 65 కిలోమీటర్లే కాబట్టి ఇక్కడ కిలోమీటరు లోపు ఎత్తున ఏముందో కూడా చూడగలదు. ఆ బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. వచ్చే మూడు గంటలకు జిల్లాల వారీగా ఇచ్చే సూచనలకు ఇవి పెద్ద ఆధారం.

వాన ఎంత పడుతుందో చెప్పగలిగినా, ఆ నీరు ఏ వీధిలోకి వస్తుందో రాడార్ చెప్పదు. ఇరవై సెంటీమీటర్ల వాన ఒక్క చదరపు కిలోమీటరు మీద పడితే ఇరవై కోట్ల లీటర్లు. బుడమేరు మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేరులో కలిసే వాగు. ఏడాదిలో చాలా నెలలు దాన్ని వాగని కూడా ఎవరూ అనుకోరు. పైన జి.కొండూరు, మైలవరం వైపు కురిసిన వాన కొన్ని గంటల తర్వాత సింగ్‌నగర్ చేరుతుంది. ఆ కొన్ని గంటలే మన చేతిలో ఉన్న సమయం. 2024లో అది చాలామంది చేతికి అందలేదు. ఎవరూ చెప్పలేదన్న కోపం ఆ కాలనీల్లో ఇప్పటికీ ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. ఎర్ర హెచ్చరిక జిల్లాకంతటికీ ఒకటే వస్తుంది. నీళ్లు మాత్రం వీధి వీధికీ వేరుగా వస్తాయి. ఆనాడు సైన్యం దిగాక గానీ బుడమేరు గండ్లు పూడలేదు.

కృష్ణ దారి ఇంకొకటి. పైన ఆనకట్టల నుంచి వదిలే నీటికి తోడు మూసీ, పాలేరు, మున్నేరు, వైరా, కట్టలేరు అన్నీ ప్రకాశం బ్యారేజీకి ఎగువనే కలుస్తాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. గుణిస్తే సెకనుకు మూడు కోట్ల లీటర్ల పైన. కృష్ణలంకకు రక్షణ గోడ లేకపోతే ఏమయ్యేదో ఆ ఊరివాళ్లనే అడగాలి. హైదరాబాదు రోడ్డు ఐతవరం దగ్గర మునిగి లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బ్యారేజీ దగ్గర దాదాపు 4 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. వాన వెలిసి ఎండ కాస్తున్నా ఈ అంకెలు పెరుగుతూ ఉండొచ్చు. లంకల్లో వాళ్లు ఆకాశం కన్నా ముందు ఈ అంకెలే చూస్తారు.

ఇక ఆటోనగర్‌లో హెచ్చరిక వచ్చినప్పుడు చేసే పనులు ఇంట్లో చేసే పనుల్లాంటివి కావు. ఇక్కడి షెడ్లన్నీ రేకులు. గాలి వేగం రెట్టింపైతే రేకు మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. గాలి వచ్చే వైపు షట్టర్ తీసి ఉంటే లోపలికి దూరిన గాలి రేకుని కింది నుంచి పైకి లేపుతుంది, పై నుంచి వెళ్లే గాలి కూడా పైకే పీలుస్తుంది. అందుకని ముందు షట్టర్ దించాలి, వదులైన హుక్కు బోల్టులు బిగించాలి. ఎండలో రేకెక్కి చేయాల్సిన పని అది, గాలి మొదలయ్యాక కాదు. గ్యాస్ సిలిండర్లు నిలబెట్టి గొలుసు వేయాలి. ఖాళీ సిలిండరూ, పాత ఆయిల్ డ్రమ్మూ నీళ్లలో తేలి ఎటు కొట్టుకుపోతాయో చెప్పలేం. అన్నిటికన్నా మోసమైనది టింకరింగ్ షెడ్డులో మూలన పెట్టిన కార్బైడ్ డబ్బా. దానికి నీరు తగిలిందంటే ఎసిటిలీన్ గ్యాస్ పుడుతుంది. మూసిన షెడ్డులో అది నిండి, కరెంటు వచ్చి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు. ఆ డబ్బా మూత బిగించి ఎత్తయిన అరలో పెట్టాలి. మెయిన్ ఆపేయాలి.

హెచ్చరిక ఇప్పుడు ఫోన్‌కే వస్తోంది. మోగడమే వేరుగా, సైలెంటులో పెట్టినా కొన్ని ఫోన్లలో గట్టిగా మోగేది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఒక టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి పోతుంది, నంబరు అవసరం లేదు. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆపేసి ఉన్నాయేమో చూసుకోవాలి. పిడుగులకు ‘దామిని’ యాప్ ఉంది. రంగుల్లో పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే కదలమని. ఎరుపు వచ్చాక సిద్ధం కావడం మొదలుపెడితే ఆలస్యం. సాయానికి 112, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070.

వరద తీశాక మెకానిక్‌లు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ‘సెల్ఫ్ కొట్టారా?’ నీళ్లలో మునిగిన బండికి సెల్ఫ్ కొడితే సిలిండర్లో చేరిన నీళ్ల మీదికి పిస్టన్ వస్తుంది. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. వంగేది కనెక్టింగ్ రాడ్డు. ఒక్కోసారి రాడ్డు బ్లాకునే చీల్చుకుని బయటికి వస్తుంది. కాబట్టి ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. డిప్‌స్టిక్ తీసి చూడాలి, ఆయిల్ టీ రంగుకు తిరిగి ఉంటే నీళ్లు కలిసినట్టే. ఎయిర్ ఫిల్టర్ తడిసిందంటే లోపలికీ పోయి ఉంటుంది. ఫొటోలు తీసుకుని, బీమా కంపెనీకి చెప్పి, బండిని తోసుకుంటూనో టోయింగ్ మీదో షెడ్డుకి చేర్చాలి. సెల్ఫ్ కొట్టి విరగ్గొట్టిన ఇంజిన్‌కి మామూలు పాలసీలో సాధారణంగా క్లెయిమ్ రాదు. ఇంజిన్ రక్షణ కవర్ విడిగా కొనుక్కుని ఉండాలి. దాన్ని పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్ అప్పుడో చేర్పించుకోవాలి, అంటే వానలు రాకముందే.