గల్లాపెట్టెలో పరాయి సొమ్ము

మన ఊళ్లలో వ్యాపారం చేసిన కుటుంబాలకు సేల్స్ టాక్స్ అనే మాట కొత్త కాదు. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం పోయి 2005లో వ్యాట్, అది పోయి 2017లో జీఎస్టీ వచ్చాయి. పేర్లు మారాయి గానీ లెక్క చూపించే బాధ్యత మారలేదు. సౌదీ వచ్చిన మనవాళ్లు మాత్రం చాలాకాలం ఆ బెడద లేకుండానే గడిపారు. 2018 జనవరి 1న ఇక్కడా 5 శాతంతో వ్యాట్ మొదలైంది. 2020 జూలై 1 నుంచి అది 15 శాతమైంది.

హుఫూఫ్‌లో ఒక సౌదీ యజమాని గారి చిన్న హార్డ్‌వేర్ దుకాణంలో నేను లెక్కలు రాస్తాను. మన సభ్యుల్లో బఖాలాలు, దర్జీ దుకాణాలు, హోటళ్లు చూసుకునేవారు ఎందరో ఉన్నారు. లైసెన్సు యజమానిదైనా గల్లా దగ్గర కూర్చునేది మనమే. జరిమానా కట్టేది ఆయనే కావచ్చు, కానీ పోయేది మన మీద నమ్మకం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏడాది అమ్మకాలు 3,75,000 రియాళ్లు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1,87,500 దాటినవారు ఇష్టమైతే చేసుకోవచ్చు. మన దుకాణాలంతటి చిన్నవి మూడు నెలలకోసారి రిటర్న్ వేస్తే చాలు. జనవరి నుంచి మార్చి వరకు లెక్కకు ఏప్రిల్ 30 గడువు. అమ్మకాలు లేకపోయినా సున్నా రిటర్న్ వేయాల్సిందే.

లెక్క ఇలా ఉంటుంది. మూడు నెలల్లో పన్నుతో కలిపి 1,15,000 రియాళ్ల సరుకు అమ్మామనుకుందాం. అందులో 15,000 పన్ను. అదే కాలంలో 80,500 పెట్టి సరుకు కొన్నాం, అందులో మనం కట్టిన పన్ను 10,500. తేడా 4,500 ప్రభుత్వానికి కట్టాలి. కొన్న సరుకుకు మన దుకాణం పేరు, పన్ను నంబరు ఉన్న సరైన బిల్లు లేకపోతే ఆ 10,500 తగ్గించుకునే వీలుండదు. చవకగా వస్తోందని బిల్లు లేని సరుకు కొంటే ఆ చవక అక్కడే హరించుకుపోతుంది.

నాకు తెలిసిన ఒక దర్జీ దుకాణంలో రంజాన్ ముందు గల్లాలో చేరిన డబ్బంతా పెట్టి బట్ట తానులు కొన్నారు. గడువు వచ్చేసరికి పన్నుకు పైసా లేదు. దుకాణం చూసుకునే మన తెలుగు సోదరుడు గదిలో ఉన్నవాళ్ల దగ్గర అప్పు చేసి కట్టించాడు. ఆ నెల ఇంటికి పంపాల్సిన కూతురి కాలేజీ ఫీజు ఆగిపోయింది. వ్యాపారం బాగా సాగుతున్నప్పుడే ఈ చిక్కు వస్తుంది. గల్లా నిండుగా కనిపిస్తే అందులో పరాయి సొమ్ము ఉందన్న సంగతి గుర్తుండదు.

మా దుకాణంలో రోజూ కొట్టు కట్టేటప్పుడు ఆ రోజు పన్ను వేరు చేసి మరో డబ్బాలో వేస్తాం. వారానికోసారి యజమాని గారు దాన్ని బ్యాంకులో వేస్తారు. వేరు చేసేటప్పుడు 115 మీద 15 శాతం అని 17 రియాళ్ల పాతిక హలాలాలు తీయకూడదు. మొత్తాన్ని 15తో గుణించి 115తో భాగిస్తే సరిగ్గా 15 వస్తుంది. అరువు బిల్లులతో ఇంకా జాగ్రత్త అవసరం. మామూలు పద్ధతిలో బాకీ వసూలు కాకముందే, బిల్లు రాసిన కాలానికే పన్ను లెక్కకొస్తుంది.

2021లో ఏర్పడిన జకాత్, పన్నులు, కస్టమ్స్ సంస్థను ఇక్కడ జాట్కా అంటారు. మన జట్కాబండికీ దీనికీ సంబంధం లేదు! అదే ఏడాది డిసెంబర్ 4 నుంచి చేతిరాత బిల్లులు చెల్లవు. కంప్యూటర్ బిల్లు, అదీ అరబీలో, ఉండాలి. మామూలు ఖాతాదారుకిచ్చే బిల్లు మీద క్యూఆర్ గుర్తు ఉండాలి. బిల్లులు ఆరేళ్లు దాచాలి. ఈ ఎండలకు థర్మల్ కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయి కనుక వచ్చిన రోజే జిరాక్స్ తీసుకోవడం మంచిది.

రిటర్న్ ఆలస్యమైతే కట్టాల్సిన పన్నులో 5 నుంచి 25 శాతం, పన్ను కట్టడం ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున జరిమానా చట్టంలో ఉంది.

ఉగాదికి పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసుకోవడం మన అలవాటు. మొదటి మూడు నెలల లెక్క తేలేదీ దాదాపు ఆ రోజుల్లోనే. రాశిఫలంలో వ్యయం ఎక్కువున్నా ఫరవాలేదు గానీ, పన్ను డబ్బాలో మాత్రం లోటు రానివ్వకండి. సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు.