గృహ స్వయంచాలన (దక్షిణ రాయలసీమ)

గృహ స్వయంచాలన అనగా ఇంటిలోని విద్యుత్ పరికరాలు ప్రతిసారీ మనిషి మీట నొక్కనవసరం లేకుండా, సమయాన్ని బట్టి గాని, నీటిమట్టం, వెలుతురు, ఉష్ణోగ్రత వంటి కొలతలను బట్టి గాని, దూరం నుండి ఇచ్చిన ఆదేశాన్ని బట్టి గాని పనిచేసేటట్లు చేసే ఏర్పాటు. వాడుకలో దీనిని హోమ్ ఆటోమేషన్ అనీ, ఇటువంటి ఇంటిని స్మార్ట్ హోమ్ అనీ అంటారు. వ్యాపార ప్రకటనలలో ఇది మాట వినే దీపాలతోను, రంగులు మారే బల్బులతోను మొదలవుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల సాధారణ గృహస్థునకు మాత్రం దీని అవసరం ముందుగా కలిగేది మిద్దెపైని నీటి ట్యాంకు వద్ద. నీటి ఎద్దడి, విద్యుత్ సరఫరా తీరు, పిల్లలు ఉద్యోగరీత్యా బెంగుళూరు, చెన్నై, విదేశాలలో స్థిరపడగా ఊరిలో మిగిలిపోయిన పెద్దల పరిస్థితి - ఈ మూడింటిని బట్టి ఈ ప్రాంతంలో ఏది ముందు, ఏది తరువాత అన్నది నిర్ణయించుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

ఇంటి విద్యుత్ తీగల ద్వారానే సంకేతాలు పంపి దీపాలను, పరికరాలను నడిపే ఎక్స్-10 అనే పద్ధతిని 1975లో స్కాట్లండుకు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ రూపొందించింది. మాటతో నడిచే అమెజాన్ ఎకో పరికరం 2014లో అమెరికాలోను, 2017లో భారతదేశంలోను విడుదలైంది. ఆ తరువాతనే ఈ విషయం మన మధ్యతరగతి ఇళ్ళలో చర్చకు వచ్చింది.

అయితే రాయలసీమలో స్వయంచాలన ఇంటికంటే ముందు పొలానికి వచ్చింది. వ్యవసాయానికి విద్యుత్తు రోజులో కొన్ని గంటలే, అదీ తరచుగా రాత్రివేళ వచ్చే కాలంలో, రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టరు అనే పరికరాన్ని అమర్చుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. చీకటిలో, పాముల భయంతో బావి దగ్గరకు వెళ్ళనవసరం లేదు. ఆ సౌకర్యం చిన్నది కాదు. కాని దానివలన కలిగిన చిక్కులు కూడా చిన్నవి కావు. సరఫరా వచ్చిన క్షణాన ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నీ ఒకేసారి మొదలై దానిపై అధిక భారం పడేది. మడి నిండినా మోటారు ఆగేది కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భజలం వృథా అవుతుందన్న కారణంతో ఆటో స్టార్టర్లను తొలగించవలసిందిగా ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు వచ్చినదన్న సంగతి మాత్రమే తెలిసి, నీరు ఉన్నదో లేదో తెలియని యంత్రం చేసే పని ఇట్లే ఉంటుంది. ఇంటికి ఏ పరికరం కొన్నా, అది దేనిని కొలిచి నిర్ణయం తీసుకుంటున్నదో ముందుగా విచారించుకోవడం మంచిది.

తరువాతి కాలంలో సిమ్ కార్డు గల మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ వీటిలో ప్రసిద్ధమైనది. రైతు ఫోను ద్వారా దూరాన ఉన్న మోటారును నడపడమే కాక, అక్కడ కరెంటు ఉన్నదీ లేనిదీ కూడా తెలుసుకోగలడు.

నీటి మోటారు

తిరుపతి నగరానికి కల్యాణి జలాశయం, తెలుగుగంగ ప్రధాన నీటి ఆధారాలు. కుళాయి నీరు నిర్ణీత వేళలలో వచ్చి సంపులో పడుతుంది. అక్కడి నుండి మోటారు ద్వారా మిద్దెపైని ట్యాంకుకు ఎక్కుతుంది. కుళాయి చాలని ఇళ్ళవారు, పల్లెలవారు బోరుపై ఆధారపడతారు. ఈ ప్రాంతంలో వందల అడుగుల లోతు బోర్లు సామాన్యం. మోటారు వేసి మరచిపోతే ట్యాంకు నిండి నీరు వీధి పాలవుతుంది. బోరులో నీరు అయిపోయినా మోటారు తిరుగుతూ ఉంటే అది వేడెక్కి కాలిపోతుంది. కాలిన మోటారును పైకి లాగి, చుట్ట కట్టించి, మళ్ళీ దించేవరకు ఇంటికి ట్యాంకరు నీరే గతి. బల్బును ఫోనుతో వెలిగించుకున్నందువలన ఆదా అయ్యేది నాలుగు అడుగుల నడక మాత్రమే కాగా, మోటారును సరిగా ఆపగలిగిన పరికరం ఒక వేసవిలోనే తన ఖరీదును రాబట్టగలదు. అందువలన ఆరంభం ఇక్కడే కావడం సమంజసం.

ఇందుకు అవసరమైన పరికరాన్ని నీటిమట్టం కంట్రోలర్ అంటారు. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు. ట్యాంకులో నీరు తగ్గినప్పుడు మోటారును నడిపి, నిండినప్పుడు ఆపుతుంది. సంపు ఉన్న ఇంటిలో సంపు నీటిమట్టాన్ని కూడా చూడాలి. లేనిచో ఖాళీ సంపు నుండి నీరు తోడే ప్రయత్నం జరుగుతుంది. నీటిమట్టాన్ని గుర్తించే పద్ధతులు ప్రధానంగా రెండు. నీటిలో స్టీలు కడ్డీలను వ్రేలాడదీసి నీటి ద్వారా సాగే స్వల్ప విద్యుత్తును గుర్తించడం ఒకటి. తేలే బుడ్డి పైకీ క్రిందికీ కదలడం వలన మీట పడేటట్లు చేసే ఫ్లోట్ స్విచ్ రెండవది. ఉప్పునీటి బోర్లున్న చోట కడ్డీలపై తెల్లని పొర పేరుకొని కొంతకాలానికి అవి నీటిని గుర్తించలేకపోతాయి. అటువంటి ఇళ్ళకు ఫ్లోట్ స్విచ్ మేలు. కడ్డీలనే వాడదలచిన వారు అప్పుడప్పుడు వాటిని గోకి శుభ్రం చేయించుకోవాలి.

బోరులోని నీటిని నేరుగా చూసే కడ్డీలు వేయడం కష్టం కనుక అక్కడ వేరొక ఉపాయం వాడతారు. నీరు తోడుతున్న మోటారు ఎక్కువ కరెంటును, నీరు లేకుండా తిరిగే మోటారు తక్కువ కరెంటును తీసుకుంటుంది. ఈ తేడాను గమనించి మోటారును ఆపివేసే సదుపాయాన్ని డ్రై రన్ రక్షణ అంటారు. నీరు మెల్లగా ఊరే బోర్లకు, మోటారును కొంతసేపు నడిపి, కొంతసేపు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ నడిపే టైమరు కూడా కలిసి ఉంటే ప్రయోజనకరం.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. ఒక అశ్వశక్తి మోటారు సుమారు 746 వాట్లదే కదా అని దానిని 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకు తగిలిస్తారు. కాని మోటారు మొదలయ్యే క్షణాన అది నడిచేటప్పటి కరెంటుకు ఐదారు రెట్లు తీసుకుంటుంది. చిన్న రిలే ఆ తాకిడికి లోపల అతుక్కుపోతే ఫోనులో ఆగినట్లు కనిపిస్తూనే మోటారు తిరుగుతూ ఉంటుంది. స్మార్ట్ పరికరం కాంటాక్టరును మాత్రమే నడపాలి. మోటారు భారాన్ని కాంటాక్టరు మోయాలి. స్టార్టరు పెట్టెలోని పాత మీటలను తీసివేయకూడదు. కంట్రోలర్ పాడైన రోజున ఇంటివారు చేతితో మోటారు వేసుకోగలగాలి.

విద్యుత్ సరఫరా

ఈ జిల్లాలకు విద్యుత్ పంపిణీ చేసే ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉన్నది. ఇన్వర్టరు బ్యాటరీలకు పేరొందిన అమర రాజా సంస్థ కూడా తిరుపతి సమీపంలోని కరకంబాడిలో 1985లో ఆరంభమైనదే. గాలివానలకు, వేసవి భారానికి సరఫరా ఆగడం ఇక్కడివారికి కొత్త కాదు కనుక చాలా ఇళ్ళలో ఇన్వర్టరు ఉంటుంది. కరెంటు పోగానే బ్యాటరీకి మారడం, రాగానే తిరిగి మారడం కూడా స్వయంచాలనే అయినా దానిని ఎవరూ ఆ పేరుతో పిలవరు.

12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1800 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఇన్వర్టరులో పోయే నష్టం, బ్యాటరీ మన్నిక దృష్ట్యా అందులో సగమే లెక్కలోకి తీసుకోవడం మంచిది. రెండు పాత పంకాలు (ఒక్కొక్కటి 75 వాట్లు), నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, ఒక రౌటరు కలిసి సుమారు 200 వాట్లు వాడితే నాలుగున్నర గంటలు వస్తుంది. పంకాలను 30 వాట్ల బీఎల్‌డీసీ రకానికి మారిస్తే అదే బ్యాటరీ ఎనిమిది గంటలు వస్తుంది. స్మార్ట్ అన్న పేరు లేకపోయినా ఈ మార్పు విలువైనది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబు విధానంలో బిల్లుపై కూడా దాని ప్రభావం ఉంటుంది.

రౌటరును ఇన్వర్టరు లైనులో పెట్టకపోతే కరెంటు పోయినప్పుడు ఫోను ద్వారా నడిచే పరికరాలన్నీ మూగబోతాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ప్రతి పరికరం ఏ స్థితిలో ఉండాలో కూడా నిర్ణయించాలి. ఈ అమరిక సరిచేయని స్మార్ట్ బల్బులు అర్ధరాత్రి కరెంటు రాగానే నిండు వెలుగుతో వెలిగి ఇంటిల్లిపాదినీ లేపుతాయి. బల్బుకైతే అది చికాకు మాత్రమే; గీజరు, ఇస్త్రీపెట్టె తగిలించిన ప్లగ్గులకు ప్రమాదం. వీటిని ఆగిన స్థితికే అమర్చాలి.

ఇంటిపై సౌర ఫలకలు ఉన్నవారు మోటారు, గీజరు, బట్టలు ఉతికే యంత్రం పగటి ఎండలో నడిచేటట్లు వేళలు పెట్టుకోవచ్చు. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం క్రింద మూడు కిలోవాట్లు, ఆపై వ్యవస్థకు రూ. 78,000 వరకు కేంద్ర సహాయం నిర్ణయించారు. బ్యాటరీ లేని మామూలు సౌర వ్యవస్థ, వీధిలో కరెంటు పోయినప్పుడు ఎండ ఉన్నా ఆగిపోతుందన్న సంగతి కొనేవారు చాలమందికి తెలియదు. లైనుపై పనిచేసే సిబ్బంది భద్రత కొరకు ఆ ఏర్పాటు.

స్విచ్ బోర్డులు

గోడలోని స్విచ్‌ల వెనుక అమర్చే చిన్న స్మార్ట్ మాడ్యూళ్ళు నిరంతరం పనిచేయాలంటే వాటికి ఫేజుతో పాటు న్యూట్రల్ తీగ కావాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల దీపం స్విచ్‌కు ఫేజు తీగ మాత్రమే వస్తుంది; న్యూట్రల్ నేరుగా దీపానికి పోతుంది. అదే బోర్డులో సాకెట్ ఉంటే దాని నుండి న్యూట్రల్ తీసుకోవచ్చు. లేనిచో న్యూట్రల్ అవసరం లేని రకాన్ని కొనాలి. వాటితో తక్కువ వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఆపిన తరువాత కూడా మినుకుమినుకుమనడం కద్దు. ఇన్వర్టరు, మెయిన్ లైన్ల న్యూట్రళ్ళను ఒకదానితో ఒకటి కలపరాదు. కొత్త ఇల్లు కట్టుకొనేవారు ప్రతి బోర్డుకు న్యూట్రల్ లాగించి, లోతైన పెట్టెలు పెట్టించుకుంటే చాలు. స్మార్ట్ స్విచ్‌లు పదేళ్ళ తరువాత పెట్టుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు ఎర్తింగ్ పరీక్షించాలి. ఇక్కడి నేల వేసవిలో ఎండి ఎర్తు గుంత పనిచేయకుండా పోతుంది. అందుకే గుంతలో అప్పుడప్పుడు నీరు పోయడం అలవాటు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంటిలో ఆ డబ్బుతో స్మార్ట్ పరికరాలు కొనడం అవివేకం.

పెద్దలున్న ఇళ్ళు

దూరాన ఉన్న పిల్లలు తరచుగా మొదట కెమెరా కొంటారు. నడిహాలులో కెమెరా క్రింద బ్రతకడం పెద్దలు ఇష్టపడరు. వారి మాట వినవలసిందే. మంచం నుండి స్నానాలగది వరకు, మనిషి కదలికను గుర్తించి రాత్రి మాత్రం వెలిగే చిన్న దీపాలు పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. గీజరు మరచిపోయినా అరగంటలో ఆగేటట్లు టైమరు, మంచం ప్రక్కన పిలుపు మీట తరువాతివి. వీధి తలుపు ఉదయం పదింటి వరకు తెరుచుకోకపోతే పిల్లల ఫోనుకు సందేశం పంపే తలుపు సెన్సరు, ఎవరినీ చూడకుండానే క్షేమం తెలుపుతుంది.

వంటగ్యాస్ గాలికంటే బరువైనది కనుక దానిని పసిగట్టే సెన్సరును నేలకు సుమారు ఒక అడుగు ఎత్తున అమర్చాలి. కొందరు పైకప్పు వద్ద పెట్టిస్తారు, అది వ్యర్థం. పొగ సెన్సరును పూజగదికి, పోపు పెట్టే పొయ్యికి దూరంగా ఉంచకపోతే సాంబ్రాణికి కూడా మోగి, నాలుగవ రోజున ఎవరో ఒకరు దాని బ్యాటరీ తీసివేస్తారు.

మాటతో నడిచే పరికరాన్ని పెద్దల కొరకు కొనేటప్పుడు, అది తెలుగు ఆదేశాలను, అందునా చిత్తూరు మాటతీరును ఎంతవరకు అర్థం చేసుకుంటున్నదో వారిచేతనే పలికించి చూడాలి.

పరికరాల ఎంపిక

చాలా చవక పరికరాలు తయారీదారుని సర్వర్ల ద్వారా నడుస్తాయి. ఆ సంస్థ సేవలు ఆపితే అవి పనికిరావు. 2022 అక్టోబరులో విడుదలైన మ్యాటర్ ప్రమాణం వేర్వేరు సంస్థల పరికరాలను ఇంటిలోపలి నెట్‌వర్క్ ద్వారానే కలిసి పనిచేయించడానికి ఉద్దేశించినది. అద్దె ఇంటివారు గోడ ముట్టని ప్లగ్గులు, బ్యాటరీ సెన్సర్లతో సరిపెట్టుకుంటే ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. బిగించే ఎలక్ట్రీషియను తన ఫోను నంబరుతో ఖాతా తెరిస్తే ఇంటి మోటారు, తలుపు అతని అధీనంలోనే ఉంటాయి. ఖాతాను యజమాని నంబరుతోనే తెరిపించాలి. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో, చేతితో ఏ మీట నొక్కితే మోటారు నడుస్తుందో తెలుగులో ఒక కాగితంపై వ్రాయించి స్టార్టరు పెట్టె మూత లోపల అంటించాలి.