ఎర్రరాళ్ళ సీమకు నాలుగు రోజుల ప్రయాణం



కొడుకో, కూతురో, మరిదో అమెరికాలో ఉన్న ఇళ్ళు మనలో చాలానే. మనం చూడబోతే, "లాస్‌ వేగస్‌ దాకా విమానంలో పోయి, అక్కణ్ణించి కారులో కాన్యన్లు చూసొద్దాం" అంటారు వాళ్ళు. తప్పక చూడవలసిన చోటే. కాకపోతే అది ఎడారి. తిరుపతి ప్రయాణంలా నాలుగు బట్టలు సర్దుకుని బయలుదేరితే కుదరదు.

కాన్యన్‌ అంటే ఏరు కోసిన లోతైన లోయ. గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోటు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. అదే ఎన్నో రెట్లు పెద్దదనుకోండి. గ్రాండ్‌ కాన్యన్‌ పొడుగు 446 కిలోమీటర్లు, లోతు కిలోమీటరున్నరకు పైమాటే. అంతా కొలరాడో నది చేసిన పని. మరి ఆ ఎరుపేమిటంటారా? రాతిలోని ఇనుము తుప్పు. తడి ఆరని పెనం మర్నాటికి ఏ రంగుకొస్తుందో మనకు తెలియనిదా! జయాన్‌లోని నిలువుగోడలు ఒకప్పటి ఇసుకదిబ్బలే, సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటివి.

మా మరిది వేసిన పట్టీలో మూడు రోజులకు అయిదు చోట్లున్నాయి. మా అత్తగారికి డెబ్బై దాటాయి. "వదినా, కారేగా నడిచేది" అన్నాడు. కూర్చునే నడుము ఎవరిదయ్యా అన్నాను. చివరికి ఒక రోజు పెంచి, ఒక చోటు తగ్గించాం. మొదటిరోజు లాస్‌ వేగస్‌ నుంచి జయాన్‌కు 260 కిలోమీటర్లు. రెండోరోజు బ్రైస్‌ కాన్యన్‌ చూసుకుని రాత్రికి పేజ్‌ అనే ఊరు. మూడోరోజు పొద్దున్నే ఆంటెలోప్‌ కాన్యన్‌, సాయంత్రానికి గ్రాండ్‌ కాన్యన్‌ దక్షిణపు గట్టు. నాలుగోరోజు 450 కిలోమీటర్ల తిరుగుప్రయాణం. మాన్యుమెంట్‌ వ్యాలీ వదులుకున్నాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు నాలుగు రోజుల్లో దాన్ని ఇరికించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు కారులో ఉండాలి. ఉంటే చాలదు, తాగాలి. దారిలో బాత్రూము దొరకదేమోనని మన ఆడవాళ్ళు గొంతు ఎండినా తాగరు. ఆ ఎండలో అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గాలి పొడిగా ఉండి చెమట పట్టీ పట్టకుండానే ఆరిపోతుంది, అందుకని ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. పైగా వయసు మళ్ళినవారికి దాహం సరిగా వేయదు. గంటకోసారి మనమే గ్లాసు చేతికివ్వాలి. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగినా ప్రమాదమే. మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగో, వేయించిన పల్లీలో తీసుకోవాలి. రక్తపోటుకు మాత్రలు వేసుకునేవారు ముందే డాక్టరుగారి సలహా అడగాలి. పార్కుల కార్యాలయాల దగ్గర బాత్రూములుంటాయి, ఆ బెంగ వద్దు.

ఇక రెండో భయం వరద. ఎడారిలో వరదేమిటని నవ్వకండి. ఆంటెలోప్‌ కాన్యన్‌ కొన్నిచోట్ల రెండు చేతులూ చాస్తే గోడలకు తగిలేంత ఇరుకు. 1997 ఆగస్టు 12న అక్కడ 11 మంది యాత్రికులు కొట్టుకుపోయారు. వాన పడింది వాళ్ళ నెత్తిన కాదు, మైళ్ళ అవతల ఎగువన. ఆ నీళ్ళు ఇరుకులోకి గోడలా వచ్చిపడ్డాయి. అక్కడ జూలై నుంచి సెప్టెంబరు నడిమి దాకా ఇలాంటి వానలు. అది నవాహో తెగవారి నేల, వాళ్ళ గైడు లేనిదే లోపలికి వెళ్ళనివ్వరు. ఆకాశం నిర్మలంగా ఉన్నా గైడు వద్దన్నాడంటే డబ్బు కోసం వాదులాడకండి. దిగువ కాన్యన్‌లో నిటారు ఇనుప నిచ్చెనలున్నాయి. మోకాళ్ళ నొప్పులవారు టిక్కెట్టు కొనకముందే ఆలోచించుకోవాలి.

ఆ టిక్కెట్టుకు గడియారం తిరకాసొకటుంది. వేసవిలో యూటా రాష్ట్రం గడియారం ఒక గంట ముందుకు జరుపుతుంది, అరిజోనా జరపదు. అరిజోనాలోనే ఉన్న నవాహో నేల జరుపుతుంది! పేజ్‌ ఊరిది అరిజోనా టైమే. టిక్కెట్టు మీద ఉన్నది ఎవరి టైమో అడిగి తెలుసుకోండి.

బ్రైస్‌ 2,400 మీటర్లకు పైన ఉంది. వేసవి రాత్రుల్లో కూడా శాలువా కావాలి. ఏప్రిల్‌, మే, అక్టోబరు నెలలైతే ఎండ కాస్త కనికరిస్తుంది. ఊళ్ళు దూరం దూరం గనక పెట్రోలు సగానికి రాగానే నింపించండి. సెల్‌ఫోను చాలాచోట్ల పలకదు, కాగితం మ్యాపు ఉండాలి.

ఖర్చు సంగతి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని పదహారేళ్ళు దాటినవారికి జయాన్‌, బ్రైస్‌, గ్రాండ్‌ కాన్యన్‌ పార్కుల్లో మామూలు రుసుముపై తలకు 100 డాలర్లు అదనం. మూడు పార్కులకు ఇద్దరికి 600 అయింది. దానికన్నా 250 డాలర్ల సాలుసరి పాసు నయం. బయలుదేరేముందు ఆనాటి రేట్లు సరిచూసుకోండి.

తిండికి ఐసుపెట్టె ఒకటి కొనండి. పెరుగన్నం మొదటి పూటకే. పులిహోర మర్నాటి దాకా ఆగుతుంది. ఆపైన అటుకులు, చపాతీలు. ఊరగాయ సీసా మూత మాత్రం గట్టిగా బిగించండి, అసలే అద్దెకారు.