మీకు తెలుసా? స్ప్రేయర్ ఇంజన్ ఆరోగ్యం ప్లగ్గు రంగులో ఉంది

గుంటూరు, ప్రకాశం మిరప, పత్తి చేలల్లో వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్లలో చాలావాటికి ఉండేది గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజనే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్లు కుదిర్చేది కార్బురేటర్.

స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టే. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపండి, కార్బురేటర్ స్క్రూ జోలికి తర్వాత వెళ్లొచ్చు. తెల్లగా పాలిపోతే మాత్రం పెట్రోలు చాలడం లేదన్నమాట, ఇంజన్ వాడడం వెంటనే ఆపాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిలు పెట్రోలుతోనే కలిసి వస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రమైన జెట్‌లో నలక అడ్డుపడి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి, పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే ఫిన్‌ల (రెక్కల) మధ్య మట్టి పేరుకుంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ.