ఇరవై కోళ్ల లెక్క: వాడలో మిగిలేదెంత?

భూమి లేని దళిత మహిళలకు తరచూ ఇచ్చే సలహా ఒకటుంది: ‘పెరట్లో ఇరవై కోళ్లు పెంచుకోండి, చేతిఖర్చులకు వస్తాయి’. నిజంగా ఎంత వస్తాయి? కింది ధరలు నమూనాకు వేసినవి. మీ ఊరి ధరలతో మళ్లీ లెక్క వేసి చూసుకోండి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మేలు. ఆరు వారాలు పెంచిన పిల్ల వంద రూపాయల చొప్పున ఇరవై పిల్లలకు 2,000. రోగాలకు, కుక్కలకు నాలుగు పోయాయనుకుందాం. ఎనిమిది పుంజులు, ఎనిమిది పెట్టలు మిగులుతాయి. ఏడు పుంజులను 350 చొప్పున అమ్మితే 2,450. పెట్టకు ఏడాదికి 120 గుడ్ల చొప్పున 960 గుడ్లు. 320 ఇంట్లో తిని, 640 గుడ్లను ఏడు రూపాయలకు అమ్మితే 4,480. చివర్లో మిగిలిన తొమ్మిది కోళ్లకు 2,700. మొత్తం రాబడి 9,630.

ఖర్చులో పెద్దది మేత. బయట తిరిగి ఏరుకు తిన్నా, పైమేతగా పదిహేడు నెలల్లో దాదాపు 200 కిలోల నూకలో, జొన్నలో కావాలి. కిలో 22 చొప్పున 4,400. టీకాలు, మందులకు 200. గూటి ఖర్చులో ఈ విడత వాటా 500. పిల్లలతో కలిపి 7,100.

చేతిలో మిగిలేది 2,530 రూపాయలు. తిన్న గుడ్ల విలువ కలిపితే 4,770. రోజుకు గంట పని అనుకుంటే గంటకు తొమ్మిది రూపాయల పైచిలుకు. ఆ గంట దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లదే.

ఇవే కోళ్లు భూమి ఉన్న ఇంట్లో ఉంటే? నూకలు, తాలు గింజలు సొంత పంటవే. కళ్లం, పశువుల కొట్టం, పేడకుప్ప కోళ్లు తిరిగి తినే చోట్లు. మేతకు చేతి డబ్బు పెట్టనక్కర్లేదు. ఇరుకు సందుల వాడలో కోడి తిరిగే జాగా కూడా పక్కవాళ్లదే. పక్క చేలో దిగితే తగాదా. కోడి ఒకటే అయినా, కింద ఉన్న భూమిని బట్టి లెక్క మారిపోతుంది.

మరో రెండు చిక్కులున్నాయి. గ్రామప్రియ పెట్ట సాధారణంగా పొదగదు. కొత్త విడతకు మళ్లీ 2,000 వెతుక్కోవాలి. కొక్కెర తెగులు వస్తే మొత్తం గూడే ఖాళీ. దీనికి టీకా ఉంది. కానీ సీసాలో సాధారణంగా వంద, అంతకు మించి డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఇరవై కోళ్లకు ఒక ఇల్లు సీసా విప్పదు. అయిదారు ఇళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు నామమాత్రం.

ప్రభుత్వ సాయం సంగతీ చూడాలి. జాతీయ పశుసంపద మిషన్‌లో గ్రామీణ కోళ్ల యూనిట్‌కు 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 25 లక్షలు ఉంది. అయితే కనీసం వెయ్యి తల్లికోళ్లు, హేచరీ, సొంతదో కౌలుదో భూమి, మిగతా సగానికి బ్యాంకు రుణమో సొంత పెట్టుబడో చూపాలి. ఇరవై కోళ్ల ఆమెకు ఆ తలుపు తెరుచుకోదు.

పెరటి కోళ్లు వద్దని కాదు. పిల్లల కంచంలోకి వచ్చే 320 గుడ్లు చిన్న విషయం కాదు. అత్యవసరానికి అమ్ముకునే పుంజు ఒక ధైర్యం. కానీ దాన్ని ఉపాధి అని పిలిచి భూమి ప్రశ్నను పక్కన పెట్టడం మోసం. వాడలోనే టీకాల రోజు, మహిళా సంఘాలకు ఉమ్మడి స్థలం, చిన్న యూనిట్లకూ సబ్సిడీ: అడగాల్సినవి ఇవి. ఈసారి సదస్సులో కోళ్ల మాట ఎత్తితే, మేత ఎక్కడిది, జాగా ఎవరిది అని అడుగుదాం.